కామెట్ విమానము నేర్పిన పాఠము

ప్రయాణికులను గొనిపోయిన మొదటి జెట్ విమానము బ్రిటనులో నిర్మింపబడిన కామెట్. 1949 జూలై 27వ తేదీన అది తొలిసారి ఎగిరినది. 1952 మే 2వ తేదీన లండన్ నుండి జోహాన్నెస్‌బర్గుకు దాని సర్వీసు ప్రారంభమైనది. అది ఎగురు ఎత్తున గాలి మిక్కిలి పలుచన. కావున ప్రయాణికుల శ్వాసకై విమానములోపల గాలిని ఒత్తిడితో నింపుచుండిరి.

1954 జనవరి 10న ఎల్బా ద్వీపము చెంత ఒక కామెట్ ఆకాశముననే విచ్ఛిన్నమై 35 మంది మరణించిరి. సర్వీసులను నిలిపి, కొన్ని మార్పులు చేసిరి; కాని అసలు కారణము తేలకమునుపే మార్చి 23న తిరిగి నడిపిరి. ఏప్రిల్ 8న నేపుల్సు సమీపమున మరియొకటి కూలి 21 మంది అసువులు బాసిరి.

అంతట ఫార్న్‌బరోలోని శాస్త్రజ్ఞులు ఒక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో నుంచి, లోపలి ఒత్తిడిని వేయికి పైగా పర్యాయములు పెంచుచు తగ్గించుచు పరీక్షించిరి. తుదకు కిటికీ మూలవద్ద లోహము చీలినది. పలుమార్లు వంచిన ఇనుపతీగ తెగునట్లే, మాటిమాటికి ఒత్తిడికి లోనైన లోహము అలసిపోవునని రుజువైనది. ఈ లోపమును సవరించి నిర్మించిన క్రొత్త కామెట్ 1958 అక్టోబరు 4న ప్రయాణికులతో అట్లాంటిక్ మహాసముద్రమును దాటినది.

ఊరి వంతెనయైనను, బావి గిలకయైనను, లోపమునకు మూలము కనుగొనక పైపై మరమ్మతుతో తృప్తి చెందరాదని పంచాయతీ సభ్యులు దీనివలన గ్రహింపవలెను.