వేరొక వైద్యునికి ఉత్తరమడుగుట కృతఘ్నతయా?

సమస్య:

ఆర్యా,

నేను కోనసీమ రైతును, వయస్సు 41. ఆరేండ్ల క్రిందట ట్రాక్టరు ట్రక్కు ఎక్కుచు జారి, దాని అంచుపై చెరొక వైపునకు కాళ్లు పడునట్లు పడితిని. నాటి రక్తస్రావము ఆగినది గాని, ఏడాది తిరుగకమున్నే మూత్రధార సన్నగిల్లి, పాయలై, పిమ్మట బొట్లుగా మారినది. దెబ్బతగిలినచోట మూత్రనాళము మచ్చకట్టి సన్నబడినదని మా పట్టణపు డాక్టరుగారు చెప్పి, కెమెరా గొట్టముతో లోపలినుండియే కోసి దారి తెరచినారు. ఇప్పటికి నాలుగుమారులు ఆ కోతయే జరిగినది. ప్రతిమారును ఏడెనిమిది నెలలు సుఖము, పిదప యథాస్థితి. బస్సెక్కుటకు భయపడి పెండ్లిండ్లకు పోవుట మానితిని. దీనికి శాశ్వతమైన ఆపరేషను కలదని వింటిని. కాని మా నాయనగారి ప్రాణము నిలిపినవారు ఈ డాక్టరుగారే. నన్ను వేరొకరి యొద్దకు పంపుడని వారిని ఎట్లడుగుదును?

— ఒక రైతు

సలహా:

సోదరా,

మీ లేఖలో వ్యాధిబాధకంటె కృతఘ్నుడనగుదునేమో యను భీతియే అధికముగా కానవచ్చినది. మీ తండ్రిగారిని కాపాడిన వైద్యునియెడ మీకుగల భక్తి పూజ్యమే. కాని ఆ భక్తి కొరకు మీరు ఐదవమారు అదే బల్లపై పరుండనక్కరలేదు.

సన్నబడిన మార్గమును వెడల్పుచేయుట మనకు క్రొత్త కాదు. మూత్రధార సన్నగిల్లు నిరుద్ధప్రకశమను వ్యాధికి నేయి పూసిన లోహపు గొట్టమునో కొయ్యగొట్టమునో చొప్పించి, మూడేసి దినములకొకమారు అంతకంటె లావైనదానిని మార్చుమని సుశ్రుతుడు విధించెను. అయితే మచ్చను సాగదీసినను, కోసినను, అది మానునప్పుడు మరల మచ్చగానే మానును. పలుమారులు కోసినకొలది మరింత దట్టమై, పొడవును పెరుగవచ్చును. అందుచేతనే కోత ఒకమారు విఫలమైన పిమ్మట, దానినే మరల మరల చేయుటకు మారుగా మూత్రనాళ పునర్నిర్మాణమును, అనగా డాక్టర్లు యురెత్రోప్లాస్టీ యనుదానిని, ఆలోచింపవలెనని అమెరికను యూరాలజీ సంఘపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. మచ్చ పొట్టిదైనచో కత్తిరించివైచి కొనలు కలిపి కుట్టుదురు. పొడవైనదైనచో, బుగ్గ లోపలి పొరను తెచ్చి అతుకువేయుదురు. పుణె నగరపు డాక్టర్ సంజయ్ కులకర్ణి ఈ బుగ్గపొర చికిత్సలో 2009లో ప్రకటించిన పద్ధతి నేడు దేశాంతరములలోను ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది.

ఇది యూరాలజీ చదివినవారందరును నిత్యము చేయు పని కాదు. దానినే తరచుగా చేయువారి హస్తవాసి వేరు. ఈ సంగతి మీ డాక్టరుగారికి మనకంటె బాగుగా తెలియును. "అయ్యా, మీ చేతిమీదుగా నాలుగుమారులు ఉపశమనము పొందితిని, యురెత్రోప్లాస్టీ తరచు చేయువారికి ఒక ఉత్తరము వ్రాసి యిండు, తిరిగివచ్చిన పిమ్మట నన్ను చూచుకొనవలసినది మీరే" యని అడుగుడు. అందు అబద్ధమేమియు లేదు. ఆపరేషను తరువాతను ఏండ్ల తరబడి పరీక్షలు అవసరమే.

ఆ ఉత్తరములో దెబ్బ తగిలిన విధము, నాలుగు కోతల తేదీలు, మూత్ర కల్చరు ఫలితములు ఉండవలెను. రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేల రిపోర్టు మాత్రమే చాలదు, ఫిల్ములే వెంటనుండవలెను. ఈలోగా మరల కోయించుకొనకుడు: క్రొత్తగా కోసిన నాళము ఫిల్ములో వెడల్పుగా కనబడి, మచ్చ అసలు కొలతను దాచివేయును. కాని మూత్రము పూర్తిగా బంధించినను, చలితో జ్వరము వచ్చినను, ఉత్తరమునకై ఆగక ఆ రాత్రియే దగ్గరి ఆస్పత్రికి పొండు. గుట్కా, పొగాకు అలవాటున్నచో నేడే మానుడు. అవి బుగ్గపొరను చెరచును. క్రొత్త డాక్టరును ఏడాదికి ఇట్టివెన్ని చేయుదురో, వానిలో ఎన్ని తిరుగబెట్టెనో నిస్సంకోచముగా అడుగుడు. ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డున్నచో, ఆస్పత్రిలో చేరకమున్నే అచటి ఆరోగ్యమిత్రను కలిసికొనుడు.

ఇంకొక మాట. డాక్టరుగారి యొద్దకు మీ నాయనగారిని వెంటబెట్టుకొని పొండు. మాట మీ గొంతులో ఆగిపోయినచో ఆయన అడుగును.