వానలకు ముందు ఒకసారి డాబా ఎక్కండి

మనం వాకిలి రోజుకు రెండుసార్లు ఊడుస్తాం. మరి డాబా ఊడ్చి ఎన్నాళ్ళయింది? వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి ఎక్కుతాం, తరువాత దాని సంగతే మరచిపోతాం. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నేనే ఆ తప్పు చేశాను.

కొన్నేళ్ళ క్రితం వర్షాకాలంలో మా అబ్బాయికి తీవ్రమైన జ్వరం వచ్చింది. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ఊరందరికీ దోమల గురించి చెప్పే నర్సు ఇంట్లోనే! ఇంటి చుట్టూ వెతికాను. కొబ్బరి చిప్ప లేదు, పాత టైరు లేదు. చివరికి మావారు నిచ్చెన వేసుకొని వంటగది సన్‌షేడు పైన చూశారు. పక్కింటి వేపాకులు రాలి గొట్టం నోటికి అడ్డుపడ్డాయి. నాలుగు వేళ్ళ లోతు నీరు నిలిచి, అందులో దోమ పిల్లలు గిలగిల కదులుతున్నాయి. ఐదు రోజులు వార్డులో వాడి మంచం పక్కనే కూర్చుని ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూశాను. రోగి తల్లి కూర్చునే స్టూలు ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడే నాకు తెలిసింది. వాడు కోలుకున్నాడు.

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ మురుగు కాలువలకన్నా ఇలాంటి నిలవ నీటినే ఎక్కువగా కోరుకొంటుంది. ఎక్కువగా పగటిపూట కుడుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒక రోజు నీరంతా పారబోసి ఆరబెట్టమని ఆరోగ్య కార్యకర్తలు చెబుతారు. అయితే నీరు పారబోస్తే సరిపోదు. ఈ దోమ తన గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటించి పెడుతుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. మళ్ళీ నీరు తగిలితే పిల్లలవుతాయి. కనుక తొట్టి అంచులను, గొట్టం నోటిని బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి.

రోహిణి కార్తెలో, అంటే మృగశిరకు ముందే ఈ పని పూర్తిచేసుకోండి. ఆకులు, మట్టి ఎత్తివేసి, గొట్టంలో రెండు బకెట్ల నీళ్ళు పోసి చూడండి. క్రింద ధారగా పడితే మంచిది. చుక్కలుగా పడితే లోపల అడ్డం ఉన్నట్లే. గొట్టం నోటికి జాలీ బిగించండి. కానీ ఆ జాలీ మీదే ఆకులు పేరుకొంటాయి, దానినీ వారం వారం చూడవలసిందే. నీరు ఒకచోట మడుగు కడుతూ ఉంటే వాటం సరిగా లేదన్నమాట, మేస్త్రిని పిలిపించి సరిచేయించండి. పిట్టగోడ పగుళ్ళలో మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే వేళ్ళతో సహా తీసివేయండి. నీళ్ళ ట్యాంకు మూత, పగిలిన కుండీలు, మూలన పడేసిన కూలరు కూడా చూడండి. పావురాల రెట్టను పొడిగా ఊడ్చకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకొని తీయండి.

దోమలనే కాదు, పైనుండి పడిపోయిన వారిని కూడా మా ఆసుపత్రిలో చూస్తుంటాం. నాచు పట్టిన డాబా తడిగా ఉన్నప్పుడు ఎక్కవద్దు. సిమెంటు రేకుల మీద అడుగు వేయకండి, పైకి గట్టిగా కనిపించినా ఒక్కసారిగా విరుగుతాయి. వాటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, కనుక పొడిగా గీకకూడదు. పెంకుటిల్లు అయితే అలవాటున్న పనివారినే పిలవండి. ఎండలో, ఖాళీ కడుపుతో పని పెట్టుకోవద్దు. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే ఇనుప నిచ్చెన, ఇనుప కడ్డీ వాడవద్దు. నిచ్చెన క్రింద ఒకరు పట్టుకొని ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు శుక్రవారం నాడు ఎక్కేది మావారు, పట్టుకొనేది మా అబ్బాయి.

ఎవరైనా పడితే కంగారులో కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకండి. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ ఎత్తడంలోనే కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. తల, మెడ కదలకుండా పట్టుకొని 108కి ఫోన్ చేయండి.

వానాకాలంలో జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయకండి, రక్తస్రావం కావచ్చు. నీళ్ళు, ఓఆర్ఎస్, గంజి బాగా త్రాగించండి. డెంగీలో జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకొంటారు, నిజానికి ఆ తరువాతి ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూడవలసినవి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, నల్లని విరేచనం, మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.