‘కబురు చేస్తాం’ అంటే ఏంటక్కా?

ఆషాఢం వచ్చిందంటే నాకు కాస్త ఊపిరాడుతుందర్రా. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్తకోడళ్లు పుట్టిళ్లకి పోతారు, ‘అక్కా, ఏ చీర కట్టుకోను?’ అని పొద్దున్నే ఫోన్లుండవు. సాయంత్రం పూట గోదాట్లోకి ఎర్రనీరు ఎంతవరకు దిగిందో చూసి రావడం, అల్లం టీ పెట్టుకుని కూర్చోవడం, అంతే. ఈసారి ఆ తీరికలో మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక సీరియల్ పెట్టించుకుని చూశాను. మన సీరియల్ కాదు. స్వీడన్, డెన్మార్క్ వాళ్లు కలిసి తీసింది. పేరు ‘బ్రోన్’, అంటే వంతెన. 2011లో మొదలై 2018 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. వాళ్ల భాష ఒక్క ముక్క తెలీదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతుంటే వాటి వెనకాల నేను. రెండుసార్లు పప్పు మాడింది.

కథెక్కడ మొదలవుతుందో వినండి. కోపెన్‌హాగెన్‌కీ మాల్మోకీ మధ్య సముద్రం మీద ఎనిమిది కిలోమీటర్ల వంతెన ఉంది, 2000లో తెరిచారు. ఒక రాత్రి దాని మీద దీపాలన్నీ ఆరిపోతాయి. మళ్లీ వెలిగేసరికి నడిమధ్యన, రెండు దేశాల సరిహద్దు గీత మీద, ఆడమనిషి శవం. నడుం పైభాగం ఆ దేశంలో, కిందిభాగం ఈ దేశంలో. తీరా ఎత్తబోతే అది ఒక మనిషిది కాదు! పైసగం స్వీడన్ రాజకీయ నాయకురాలిది, కిందిసగం డెన్మార్క్‌లో ఒళ్లమ్ముకుని బతికిన ఒక పిల్లది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

నాకు వెంటనే మన వంతెన గుర్తొచ్చింది. 1974 నుంచి కింద రైలు, పైన బస్సు పోతోందే, అది. ఇటు రాజమండ్రి తూర్పు, అటు కొవ్వూరు పశ్చిమ. 1925లో పశ్చిమగోదావరి ఏర్పడిన దగ్గర్నుంచి దాదాపు నూరేళ్లు అదే లెక్క. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి కొవ్వూర్ని తీసుకొచ్చి తూర్పుగోదావరిలో కలిపేశాయి. ఇప్పుడు మా పిన్ని పడమటి గట్టున నిలబడి ‘మాది తూర్పండి, ఆయ్’ అంటుంది. పైగా 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో, ఏ స్టేషన్‌కెళ్లినా ‘ఇది మా పరిధి కాదు’ అనకుండా ఫిర్యాదు రాసుకోవాలని ఉంది, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాబట్టి ఈ కథని మన వంతెన మీద తీద్దామంటే రచయితకి మొదటి సీనే దొరకదు పాపం.

సరే, అసలు మనిషి దగ్గరికొస్తాను. ఆ శవం దగ్గరికి స్వీడన్ వైపు నుంచి వచ్చే పోలీసమ్మాయి పేరు సాగా నోరేన్. తోలు ప్యాంటు, పాతకాలం పోర్షే కారు, ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. శవం చుట్టూ తాళ్లు కట్టి పని చేసుకుంటుంటే ఒక అంబులెన్సు వస్తుంది. లోపల గుండె మార్పిడి చెయ్యాల్సిన రోగి, పక్కన అతని భార్య బతిమాలుతుంది. సాగా కుదరదంటుంది. ఇది నేరం జరిగిన చోటు, చక్రాలు తొక్కితే ఆనవాళ్లు పోతాయి, అంతే. డెన్మార్క్ వైపు పోలీసాయన మార్టిన్ ఉండబట్టలేక, ‘పోనీండి’ అని పంపించేస్తాడు. ఆమె అరవదు, వాదించదు. నీ మీద ఫిర్యాదు రాస్తానని చెప్పి రాస్తుంది. తర్వాత అదే మనిషితో కలిసి కేసు చూస్తుంది. మనసులో ఏమీ పెట్టుకోదు. ఫిర్యాదు ఫిర్యాదే, స్నేహం స్నేహమే!

ఆఫీసులో చొక్కా మాసిందనిపిస్తే బల్ల దగ్గరే నిలబడి మార్చేసుకుంటుంది. చుట్టూ ఉన్న మగాళ్లు కళ్లెక్కడ పెట్టుకోవాలో తెలీక కాగితాలు వెతుక్కుంటారు. ఫోన్ మోగితే ఎప్పుడూ ఒకటే మాట, పేరూ, ‘మాల్మో క్రైమ్ బ్రాంచి’ అనీ. పలకరింపుల్లేవు, కుశలప్రశ్నల్లేవు. కానీ కేసు మొత్తం కళ్లముందు పరిచినట్టు చెప్పేస్తుంది. అందరూ ఒక తోవన పోతుంటే, ఆమె ఒక చిన్న ముక్క దగ్గర ఆగి, ‘ఇది సరిపోవట్లేదు’ అంటుంది. అది నిజంగానే సరిపోదు.

ఆ వేషం కట్టినామె సోఫియా హెలిన్. పైపెదవి మీద మచ్చ ఉంటుంది, ఇరవైనాలుగేళ్ల వయసులో సైకిలు మీంచి పడ్డ దెబ్బ. మన సీరియల్లో అయితే మేకప్పు వాళ్లు దాన్ని కప్పడానికే అరగంట తీసుకునేవారు. అక్కడ దాన్ని అలాగే వదిలేశారు. నాకు భలే నచ్చింది. సాగాకి ఫలానా సమస్య అని డాక్టరు చేత పేరు పెట్టించరు. చూసినవాళ్లు ఆటిజం అనుకుంటారు. కథ మాత్రం ఆమెని అలా ఉండనిస్తుంది.

ఇక్కడ నాకొక మాట అనిపించిందర్రా. లౌక్యం తెలీని డిటెక్టివు మనకి కొత్త కాదు. 1986లో ‘చంటబ్బాయ్’ రాలేదూ? మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల, మన నరసాపురం జంధ్యాల తీశాడు, మొగల్తూరు చిరంజీవి వేశాడు. పాండురంగారావు ఎక్కడికెళ్లినా తడబాటే, మనం పగలబడి నవ్వాం, ముద్దు చేశాం. 2020లో ‘హిట్’ వచ్చింది. అందులో విక్రమ్ రుద్రరాజు, ఇంటిపేరు వింటే భీమవరం వైపు అబ్బాయిలా ఉంటాడు గానీ తెలంగాణ పోలీసు. గతంలో తగిలిన గాయానికి ఒళ్లు వణుకుతుంది, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. ‘అయ్యో, ఎంత బాధ దాచుకున్నాడో’ అని మా వదిన కళ్లు తుడుచుకుంది. అమెరికా వాళ్ల ‘మాంక్’ కూడా అంతే. ఎవరికన్నా చెయ్యి కలిపితే వెంటనే తుడుచుకోవాలి. ఎనిమిది సీజన్లు ముద్దుగా చూశారు. అదే స్వభావం ఆడపిల్లకుంటే? మా వదినకే సాగా మొదటి ఎపిసోడు చూపించాను. పది నిమిషాలు చూసి, ‘ఎంత పొగరే దీనికి!’ అంది. ఒకే గుణం. మగాడిలో బాధ అయింది, ఆడదానిలో పొగరయింది.

మన గోదారి మీద తీసిన పోలీసు కథ కావాలంటే 2022లో జీ5లో వచ్చిన ‘గాలివాన’ ఉంది, రాధిక, సాయికుమార్ వేశారు. పాలగుమ్మి పద్మరాజు గారి కథ అనుకుని కూర్చునేరు, పేరొక్కటే అది. బీబీసీ వాళ్ల ‘వన్ ఆఫ్ అస్’ని మన దగ్గరికి తెచ్చి తీశారు. అందులోనూ పోలీసు ఆడమనిషే. బావుంటుంది. కానీ సాగాలాంటి మనిషి కాదు. మన ఊళ్లో సాగాలాంటి పిల్లని పెట్టి కథ రాయడం తేలిక కాదని ఆ సిరీస్ చూశాకే నాకు అర్థమైంది. ఎందుకంటే ఇక్కడ మాటకి ముందు మర్యాద పుడుతుంది.

ఆలోచించండి. మనింటికొచ్చినవాళ్లని ‘భోజనం చేసెళ్లండి’ అని ఒకసారి అంటే అది లెక్కలోకి రాదు. రెండోసారి అన్నప్పుడు వాళ్లు ‘అబ్బే, ఇప్పుడే తినొచ్చామండి’ అనాలి. మూడోసారి చెయ్యిపట్టుకుని పీట దగ్గర కూర్చోబెడితే అప్పుడు తింటారు. మొదటిసారే ‘సరే, పెట్టండి’ అన్నవాడికి మొహమాటం లేదంటాం. మొదటిసారే ‘వద్దు’ అన్నదాన్ని నిజంగా వదిలేస్తే, ‘మాటవరసకైనా మళ్లీ అడగలేదు’ అని ఏడాది చెప్పుకుంటాం. ఇక మన వెటకారం సంగతి సరేసరి. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ‘అప్పుడే వచ్చేశావేంట్రా, ఇంకాసేపు పడుకోకపోయావా’ అంటాం. సాగా అయితే ‘లేదు, నిద్ర సరిపోయింది’ అంటుంది.

ఇదంతా నవ్వుతూ రాస్తున్నాను గానీ, సాగాని చూస్తున్నంతసేపూ నాకు మా పిన్ని కూతురే కనిపించింది. పేరు చెప్పను, చెప్తే మళ్లీ కొవ్వూరు వెళ్లలేను. పోయినేడు వాళ్ల మావయ్యగారింట గృహప్రవేశం. అరిటాకుల్లో భోజనాలు, ఆకుకింత అని కేటరింగు మాట్లాడుకున్నారు. చివర్లో కేటరింగాయన లెక్క తెచ్చాడు, 412 ఆకులు. మావయ్య జేబులో చెయ్యి పెట్టాడు. మా పిల్ల పెరుగన్నం తింటున్నదల్లా తలెత్తి, ‘తెచ్చినవి ఎనిమిది కట్టలు. కట్టకి యాభై. అంటే నాలుగొందలు. నాలుగొందల పన్నెండు మంది ఎలా తిన్నారు?’ అంది. బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయన నీళ్లు నమిలాడు. ‘ఇంకో విషయం’ అంది ఇది. ‘వంటగది గుమ్మం పక్కన విప్పని ఆకులు ముప్ఫైరెండున్నాయి. కాబట్టి మూడొందల అరవై ఎనిమిది. అందులో మావయ్యవి రెండు, ఆయన రెండో బంతిలో కూడా కూచున్నారు.’

నలభైనాలుగు ఆకుల డబ్బు మిగిలింది. మావయ్య ఒక్క మంచిమాట అన్నాడనుకుంటున్నారా? ‘ఆడపిల్లవి, శుభమా అని గృహప్రవేశం చేస్తుంటే ఆ లెక్కలేంటే’ అన్నాడు. అత్తయ్య అయితే ఆయన రెండో బంతి సంగతి దగ్గరే ఆగిపోయింది. ఆయనకి షుగరు మరి. ఆ పిల్లకి మాత్రం అర్థం కాలేదు. ‘తప్పు చెప్పానా అక్కా?’ అంది. లేదన్నాను. ‘మరెందుకు తిట్టారు?’ అంది. నా దగ్గర జవాబు లేక, లడ్డూ తింటావా అన్నాను.

దాని పెళ్లిచూపులు ఇంకా కథ. అబ్బాయీ ఇదీ డాబా మీద మాట్లాడుకుని దిగాక, అబ్బాయి తల్లి నవ్వుతూ ‘ఏమ్మా, మావాడు నచ్చాడా?’ అని అడిగింది. సిగ్గుపడి తలొంచుకుంటే అవునన్నట్టు, మనకి తెలుసు. ఇది ఆవిడ కళ్లలోకి చూసి, ‘ఇంకా తెలీదండి, పదకొండు నిమిషాలే మాట్లాడాం’ అంది. మా పిన్ని చేతిలో కాఫీ ట్రే గజగజలాడింది. వాళ్లు మాత్రం చాలా మర్యాదస్తులు. జంతికలు బావున్నాయన్నారు, అమ్మాయి చలాకీగా ఉందన్నారు, చెప్పులేసుకుంటూ ‘ఇంటికెళ్లి కబురు చేస్తామండి’ అన్నారు.

ఆ మాటకర్థం మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా పిన్నికి గుమ్మంలోనే తెలిసిపోయింది. తెలీంది దానికొక్కదానికే. వారం రోజులు ఫోను పక్కన పెట్టుకుని పడుకుందిట. తొమ్మిదో రోజు నాకు ఫోన్ చేసి, ‘‘కబురు చేస్తాం’ అంటే ఏంటక్కా? ఎన్ని రోజులు?’ అని అడిగింది. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నచ్చలేదని ఆ రోజే చెప్పొచ్చుగా, నేనేం అనేదాన్ని కాదు’ అంది.

అన్నాళ్లూ ఆ పిల్ల మాట మనకి గుచ్చుకుంటుందనే అనుకున్నానర్రా. మన మెత్తటి మాట దానికెక్కడ గుచ్చుకుంటుందో ఆ రోజు దాకా తట్టలేదు నాకు.

సీరియల్లో ఒక సీనుంది. మొదటి భాగం చివర, అదే వంతెన మీద. చూడబోయేవాళ్లు ఈ పేరా దాటేయండి, నా మీద పడొద్దు. మార్టిన్ కొడుకుని చంపినవాడు ఎదురుగా ఉంటాడు, మార్టిన్ చేతిలో తుపాకి. కాలిస్తే అతని జీవితం అయిపోతుంది. అతన్ని ఆపడానికి సాగా ఒక అబద్ధం ఆడుతుంది, నీ కొడుకు బతికే ఉన్నాడని. మార్టిన్ ఆమె ముఖం చూస్తాడు. ఒక్క క్షణం చాలు, అది అబద్ధమని తెలిసిపోతుంది. మన ఊళ్లో పాలు పోసేవాడి దగ్గర్నుంచి పెళ్లిళ్ల పేరయ్య దాకా నల్లేరు మీద బండిలా నడిపే పని ఆమె చేతకాక విలవిల్లాడిపోతుంది. రెండో భాగం చివర అదే స్నేహితుడు జైల్లో ఉన్న ఆ హంతకుణ్ణి చంపాడని ఈమే కనిపెడుతుంది, ఈమే పట్టిస్తుంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పట్టించకపోతే బావుండుననీ అనిపించింది, పట్టించకపోతే ఆమె సాగా ఎలా అవుతుందనీ అనిపించింది. ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు నేను.

ఈ సీరియల్ని అమెరికా–మెక్సికో సరిహద్దు మీద తీశారు, ఇంగ్లండు–ఫ్రాన్సు మధ్య సముద్రం కింద సొరంగంలో పెట్టి ‘ద టన్నెల్’ అని తీశారు, మలేసియా–సింగపూర్ వాళ్లూ తీశారు. దేశం ఏదైనా ఆ అమ్మాయి ఉంటుంది. అసలు సీరియల్ నాలుగో భాగం ఆఖర్న సాగా తన పోలీసు బిళ్ల తీసి వంతెన మీంచి నీళ్లలోకి విసిరేస్తుంది. ఫోన్ మోగుతుంది. ఈసారి ‘సాగా నోరేన్’ అని మాత్రమే అంటుంది, మాల్మో క్రైమ్ బ్రాంచి లేదు. నేనైతే వెక్కివెక్కి ఏడ్చాను. మా అమ్మాయి వచ్చి, ‘అమ్మా, ఎవరన్నా పోయారా?’ అని అడిగింది.

మొన్న మా పిన్ని కూతురికి ఇది చూడమని చెప్పాను. మొత్తం చూసి ఫోన్ చేసింది. ఎలా ఉందే అంటే, ‘బావుంది. ఆవిడకేం ఇబ్బంది లేదు, చుట్టూ వాళ్లకే ప్రతిదీ రెండుసార్లు చెప్పాల్సొస్తోంది’ అంది. నవ్వాపుకుని, ఆదివారం భోజనానికి రావే అన్నాను. పులస కాదు, పులస కొనే స్తోమత నాకు లేదు, గుత్తొంకాయ చేస్తానన్నాను. ‘వస్తాను. ఎన్నింటికి?’ అంది. మనూళ్లో భోజనానికి ఎన్నింటికని అడిగేవాళ్లెవరు? నోటికొచ్చినట్టు పన్నెండున్నరకి అన్నాను.

పన్నెండున్నరకి తలుపు కొట్టింది. నేనింకా వంకాయలు కోస్తున్నాను.