అస్సీరియా రాజ్యము: ఒడంబడికలును ప్రమాణములును

అస్సీరియనుల పేరు వినగానే చదువరులకు క్రూరత్వమే స్ఫురించును. ఇందుకు వారి శత్రువులను నిందింప బనిలేదు. యూదుల గ్రంథములును గ్రీకుల కథలును చెప్పినదానికంటె నెక్కువగా ఆ రాజులే తమ నగరుల గోడలపై చెక్కించుకొనిరి. ప్రతివాదియే నేరము నొప్పుకొనినప్పుడు సాక్షులతో నేమి పని యని యడుగవచ్చును. అయినను ఒప్పుదలను సయితము తూచి చూచుట మా వృత్తిధర్మము. పరులకు భయము గొలుపుటకై వ్రాయించిన ప్రగల్భములలోని సంఖ్యల నన్నిటిని యథార్థములని గైకొనరాదు. కావున మేము యుద్ధవర్ణనములను విడిచి, ఆ ప్రజలు మట్టిపలకలపై వ్రాసికొనిన రెండు విధముల పత్రములను పాఠకుల యెదుట నుంచెదము.

మొదటివి వర్తకుల పత్రములు. నేటి ఇరాకు దేశపు టుత్తరభాగమున టైగ్రిస్ నది పడమటి గట్టుననున్న అస్సూరు పట్టణము క్రీ. పూ. 1900 ప్రాంతమున వర్తకుల యూరే కాని దండయాత్రల యూరు కాదు. ఆ వర్తకులు తగరమును బట్టలను గాడిదలపై నెక్కించి, సుమారు వెయ్యి కిలోమీటర్లు నడచి, నేటి తుర్కీలోని కానేషు పట్టణమున అమ్మి, వెండి బంగారములు తెచ్చుకొనుచుండిరి. అచ్చట వారి పలకలు ఇరువది వేలకు పైగా దొరకినవి. అప్పు పత్రమును వ్రాసి దానికి మట్టితోనే తొడుగు చేసి, తొడుగుపై ఆ షరతులనే మరల వ్రాసి, ఋణస్థుడును సాక్షులును ముద్రలు వేయుచుండిరి. వివాదము వచ్చినచో తొడుగును పగులగొట్టి లోపలి పాఠముతో సరిచూచుకొనవచ్చును. ఇంతకంటె నిక్కమైన నకలును మేము మా కచేరీలలో నెరుగము.

ఆ యూరి పాలకుడు తన్ను రాజని చెప్పుకొనక, అస్సూరు దేవతయే రాజనియు తానాతని ప్రతినిధి ననియు జెప్పుకొనెను. వ్యాజ్యములను పౌరుల సభ తీర్చుచుండెను. స్త్రీలు తమ పేర అప్పులిచ్చిరి. లమస్సి యను నామె కానేషులోని తన భర్త పూషుకేనునకు, తాను పంపిన బట్టలను గూర్చియు వాని సొమ్మును గూర్చియు వ్రాసిన యుత్తరములు నేటికిని నిలిచియున్నవి. ఒక వివాహపత్రములో భర్త విడిచినను భార్య విడిచినను చెల్లింపవలసిన వెండి యొక్కటే, 5 మీనాలు. నాలుగువేల యేండ్ల క్రిందట నిట్టి షరతు వ్రాసికొనినవారిని మొరటువారని మేమనజాలము.

కాలము మారెను. క్రీ. పూ. 14వ శతాబ్దమున అస్సూరు మితన్ని రాజుల పెత్తనమును త్రోసివేసి తానే రాజ్యమాయెను. తరువాతి ధర్మశాసనపు పలకలలో స్త్రీల మేలిముసుగును గూర్చిన విధి యొకటి గలదు. గృహిణి వీధిలో ముసుగు వేసికొనవలెను. వేశ్యయు దాసియు వేసికొనరాదు. వేసికొనినవారిని పట్టియియ్యని పురుషునకును ఏబది దెబ్బలు! పొరుగువాని నేరమును చెప్పకుండుటయే నేరమైన దినము ఈ కథలో ముఖ్యమైనదని మా యభిప్రాయము.

క్రీ. పూ. 745లో సింహాసన మెక్కిన మూడవ తిగ్లత్ పిలేసరు జయించిన దేశములను మండలములుగా విభజించి అధికారులను నియమించెను. ఓడినవారిని కుటుంబములతో గూడ పెకలించి దూరదేశములకు పంపుటను రాజనీతిగా జేసెను. రెండవ సార్గను ఒక్క సమరయ నుండియే 27 వేలకు పైగా జనమును తరలించితినని వ్రాయించుకొనెను. అట్లు పోయినవారందరును బానిసలు కారు. పలువురు భూములు పొంది సేద్యము చేసిరి. సార్గను కుమారుడగు సెన్నాకెరీబు నీనెవెకు నీరు తెచ్చుటకై జెర్వాను వద్ద గట్టించిన రాతి కాలువవంతెన నేటికిని మెచ్చదగినది. అయినను ఆ మహారాజును క్రీ. పూ. 681లో కన్నకొడుకే చంపెను.

ఆ హత్యానంతరము అన్నలతో పోరాడి రాజ్యము గెలిచిన ఎసర్హద్దోను, తన కొడుకుల కట్టి గతి పట్టకుండుటకై క్రీ. పూ. 672లో సామ్రాజ్యమంతట ప్రమాణము చేయించెను. అసుర్‌బానిపాలు అస్సీరియాకు, షమాష్ షుమ్ ఉకీను బాబిలోనుకు రాజు కావలెను. ఇదియే మేము చెప్పదలచిన రెండవ పత్రము. దీనిలో ఆరువందలకు పైగా పంక్తులు గలవు. యువరాజునకు విరుద్ధమైన మాట విన్నచో చెప్పినవాడు సోదరుడైనను, కన్నబిడ్డయైనను దాచక తెలుపవలెను. తప్పినవారికి శాపములు పుటలు పుటలుగా నున్నవి. తమ బిడ్డల మాంసమును తామే తినవలసివచ్చుగాక యనునది యందొకటి. వర్తకుని పత్రమున ఉభయుల లాభమును గలదు, సాక్షులును గలరు. ఇందు లాభ మొకరిది, భయ మొకరిది.

క్రీ. పూ. 669లో ఎసర్హద్దోను చనిపోగానే రాజకుమారుల నాయనమ్మ జకూతు మరల ప్రమాణము చేయించెను. అందు మొట్టమొదట పేర్కొనబడినవాడు షమాష్ షుమ్ ఉకీనే. అతడు బాబిలోనులో రాజను పేరుమాత్రము పొంది, తమ్మునివలె ఆజ్ఞలకు లోబడి పదునారేండ్లు గడిపి, క్రీ. పూ. 652లో తిరుగబడెను. ముట్టడిలో ఆకలికి తాళలేక బాబిలోను పౌరులు కొడుకుల కూతుల మాంసమును దినిరని అసుర్‌బానిపాలే వ్రాయించెను. శాపము ఫలించినదని యాతడు సంతోషించెను. శాపగ్రస్తులలో తన సోదరు డుండుట యాతనికి తోచినట్లు లేదు. క్రీ. పూ. 648లో ఆ సోదరుడు అగ్నిలో మడిసెను.

ఈ అసుర్‌బానిపాలే ముప్పదివేల పలకలును తునకలును దొరకిన గ్రంథాలయమును కూర్చిన విద్యాప్రియుడు. గిల్గమేషు కథ మనకు దక్కుట కాతడే ముఖ్యకారణమని మఱువరాదు.

అతని తరువాత వారసుల కలహములు మరల వచ్చెను. క్రీ. పూ. 626లో నబోపొలస్సరు బాబిలోనును వశపరచుకొనెను. 614లో మాదీయులు అస్సూరును పడగొట్టిరి. 612లో ఉభయులు గలసి నీనెవెను తగులబెట్టిరి. 609లో కడపటి రాజు హర్రానును మరల పట్టుకొనజాలక చరిత్రనుండి మాయమయ్యెను. రెండువందల యేండ్లకు, క్రీ. పూ. 401లో, గ్రీకు సేనతో ఆ శిథిలముల ప్రక్కగా నడచిన జెనోఫోను అవి మాదీయుల పట్టణములని వ్రాసెను.

క్రీ. శ. 1955లో కల్హు పట్టణపు నబూ దేవాలయమున, సింహాసనశాలలో, 672 నాటి ప్రమాణపు పలకలు తునాతునకలై దొరకినవి. నగరమును దోచినవారే వానిని బ్రద్దలుకొట్టిరని పండితుల యూహ. తునకల నతికి చదువగా, ఆ పలకలపై ప్రమాణము చేసినవారు తూర్పుననున్న మాదీయ దేశపు పురాధిపతులని తేలినది.