రోగి వివరములు – యంత్ర నిర్ణయములు

రోగి తన వ్యాధిని వైద్యునికి చెప్పుకొనుటకు నమ్మకము ముఖ్యము. ఆ మాట బయటికి పొక్కునను భయము కలిగినచో క్షయవంటి వ్యాధిని జనులు దాచిపెట్టెదరు. చికిత్స ఆలస్యమగును, ఇంటివారికిని వ్యాధి సోకును.

నేడు రోగుల వివరములు కంప్యూటరులలో భద్రపరచబడుచున్నవి. 2021లో దేశమంతట ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద, కోరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చెదరు. ఈ పద్ధతిలో రోగి సమ్మతిపైననే అతని పత్రములు ఇతరులకు అందవలెను. ఇచ్చిన సమ్మతిని అతడు ఉపసంహరించుకొనవచ్చును.

యంత్రము తనకిచ్చిన వివరములనుబట్టియే నిర్ణయించును. మధుమేహము లేనివానికి ఉన్నట్లు పొరపాటున వ్రాసినచో, అతని బీమా దరఖాస్తును అది త్రోసివేయవచ్చును. తప్పును కనిపెట్టి దిద్దుటకు మనుష్యుడు కావలెను. ఐరోపా సమాఖ్యలో 2018 నుండి అమలులోనున్న చట్టము, కేవలము యంత్రమే చేసిన ముఖ్య నిర్ణయమును మనుష్యునిచే పరిశీలింపజేసుకొను హక్కును పౌరుల కిచ్చినది.

మన సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమున తప్పుడు వివరములను సవరింపజేసుకొను హక్కు పేర్కొనబడినది. యంత్ర నిర్ణయముపై మనుష్యుని పరిశీలనను కోరు హక్కు మాత్రము అందు ప్రత్యేకముగా చెప్పబడలేదు.

కావున ప్రజలు మెలకువతో నుండవలెను. సమ్మతి పత్రమును చదివిన పిమ్మటనే సంతకము చేయుడు. నివేదికలోని తప్పును వెంటనే తెలుపుడు. దరఖాస్తును త్రోసివేసినచో కారణమును, నిర్ణయించినవారెవరో అడుగుడు. ప్రజలు కోరిననే రక్షణ బలపడును.