దుబాయి విమానం – మా ఇంటి లెక్క

తమ్ముళ్లారా! మన హాస్టల్లో ఎందరి ఇళ్లలోనో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. మా బాపు కూడా దుబాయిలో తాపీ పని చేశాడు. ఆయన టికెట్టు చూసి నేను వేసిన తప్పు లెక్క మీరు వేయకూడదని ఇది రాస్తున్నాను.

బాపు పోయేటప్పుడు టికెట్టు మీద శంషాబాద్‌లో బయలుదేరేది తెల్లవారుజామున 4.20, దుబాయి చేరేది 6.50 అని ఉంది. రెండున్నర గంటల ప్రయాణమని అందరం అనుకున్నాం. 2016 చలికాలంలో తిరిగి వస్తూ "రాత్రి పదింటికి విమానం" అని ఫోను చేశాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇంట్లో చదివేవాణ్ని నేనే గనుక లెక్క కూడా నాదే. పన్నెండున్నరకు దిగుతాడన్నాను. జీపు కిరాయికి మాట్లాడుకొని ఆ వేళకే వెళ్లాం. ఒంటిగంట అయింది, రెండు అయింది. బాపు రాలేదు, ఫోను కలవలేదు. అమ్మ ఏడుపు ఆపడం ఎవరివల్లా కాలేదు. విమానం దిగింది 3.05కు!

టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారానిదే. మన గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. దుబాయిది 60 డిగ్రీలది. తేడా 22½. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 90 నిమిషాలు, అంటే గంటన్నర వాళ్లు మనకంటే వెనుక. కాబట్టి పోయేటప్పుడు రెండున్నరకు గంటన్నర కలపాలి: 4 గంటలు. వచ్చేటప్పుడు గడియారాల ప్రకారం 5 గంటల 5 నిమిషాలు, అందులోంచి గంటన్నర తీసేయాలి: 3 గంటల 35 నిమిషాలు. "డిగ్రీకి 4 నిమిషాలు" అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేను. టికెట్టు చూసినప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

దూరం కూడా అట్లాసుతోనే కట్టవచ్చు. శంషాబాద్ 17¼ డిగ్రీల ఉత్తర అక్షాంశం, దుబాయి 25¼. తేడా 8 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 888. రేఖాంశాల తేడా 23 డిగ్రీలు. కాని ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి గనుక ఇక్కడ 111ని 0.93తో గుణించాలి (నడుమ అక్షాంశం 21¼ డిగ్రీల కొసైను అది). 2,374 వస్తుంది. ఇక పైథాగరస్ సిద్ధాంతమే: సుమారు 2,535 కి.మీ. భూమి గుండ్రమని గోళం సూత్రంతో కడితే 2,545 దాకా వస్తుంది. పది కిలోమీటర్ల తేడాకు మనకేం నష్టం లేదు.

గంటకు 850 కి.మీ. వేగంతో మూడు గంటలు చాలాలి కదా? రన్‌వే దాకా నడవడం, పైకి ఎక్కడం, దిగడం కలిపి మరో అరగంట పైన పోతుంది. మిగతాది గాలి. చలికాలంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక గాలి. ఏటికి ఎదురీదినట్టే. గాలి 80 కి.మీ. అనుకుంటే పోయే వేగం 770, వచ్చే వేగం 930. భాగించి చూడండి, అరగంటకు పైగా తేడా తేలుతుంది.

దిగాక పాస్‌పోర్టు వరుస, సామాను కలిపి ఇంకో గంట వేసుకోండి. కువైట్, సౌదీ గడియారాలు 45 డిగ్రీల రేఖాంశానివి. మీవాళ్ల టికెట్టు పక్కన పెట్టుకొని ఆ లెక్క మీరే కట్టండి.