కోటా మిగలనివ్వండి

మిలటరీ క్యాంటీన్ కార్డు ఉన్న ఇంట్లో నెల మొదట్లో సామాన్ల చీటీ తయారవుతుంది. సబ్బులు, టీ పొడి, నూనె ఎంత కావాలో ఇంటావిడ చెబుతుంది. మందు సీసాల సంగతి మాత్రం ఎవరూ అడగరు. కార్డు మీద ఎన్ని ఉంటే అన్నీ వచ్చేస్తాయి. బయటి ధరతో పోల్చుకుంటే వదులుకోవడం నష్టమనిపిస్తుంది మరి. రాయ్‌పూర్‌లో స్థిరపడిన మన మాజీ సైనికులకు చెప్పదలచింది ఈ లెక్క గురించే. కోటా అంటే అంతకు మించి ఇవ్వరని అర్థం, అంతా తాగి తీరాలని కాదు.

పైగా ఉన్న ఊరు కూడా అలాంటిది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్లవారిలో మద్యం తీసుకునేవారు దేశం మొత్తంమీద 14.6 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం, అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఇక్కడ సాయంత్రం తోడు దొరకడం కష్టమేమీ కాదు.

"ఫౌజీని, క్రమశిక్షణ ఉన్నవాణ్ణి, ఎప్పుడంటే అప్పుడు మానేస్తా" అంటారు. ఈ మాట దగ్గరే మోసం ఉంది. యూనిట్‌లో ఉన్నప్పుడు తాగినా దానికో వేళ ఉండేది, పై అధికారి కన్ను ఉండేది, తెల్లారితే పీటీ ఉండేది. ఆ క్రమశిక్షణలో సగం బ్యూగిల్‌దే. నలభైకి అటూ ఇటూగా రిటైరై వచ్చాక పెన్షన్ వస్తుంది గానీ బ్యూగిల్ రాదు. సిల్తరా, ఉర్లా ఫ్యాక్టరీల్లోనో బ్యాంకులోనో గార్డు డ్యూటీ దొరికినా, దిగాక సాయంత్రం ఖాళీయే. ఏడింటికి మొదలైన గ్లాసు ఎప్పుడు ఆగాలో చెప్పేవాడుండడు.

కాబట్టి ఒట్లు పెట్టుకోవడం కన్నా ఆ వేళను ఎవరికైనా అప్పగించడం మేలు. ఆర్మీ భర్తీకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు ప్రతి పేటలోనూ ఉన్నారు. ఉదయం ఐదింటికి గ్రౌండుకు వస్తానని వాళ్లకు మాటిచ్చి చూడండి. రాత్రి పదకొండు దాకా కూర్చోవడం దానంతటదే కష్టమవుతుంది. ఇక తాగే రోజున కంటితో పోయకండి, 30 మిల్లీలీటర్ల కొలతతో పోయండి. 750 మిల్లీలీటర్ల సీసాలో అలాంటి చిన్న పెగ్గులు 25. సీసా తెరిచిన తారీఖు, అయిపోయిన తారీఖు లేబుల్ మీదే రాయండి. డ్యూటీ రిజిస్టరు నింపిన చేతికి ఇదేం పెద్ద పని కాదు. రెండు తారీఖుల మధ్య దూరం చూసుకుంటే ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం మరవొద్దు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడటం వంటివి రావచ్చు. రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదకూ రావచ్చు. అలాంటివారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. మాజీ సైనికులకు 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది, రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది. కానీ డాక్టరుకు మోకాలి నొప్పి వివరంగా చెప్పే మనిషి తాగుడు విషయం దగ్గరకొచ్చేసరికి "ఎప్పుడైనా కాస్త" అంటాడు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఏటా అడిగేవి మూడే ప్రశ్నలు: ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజున ఎంత, ఒకేసారి మరీ ఎక్కువ తాగడం ఎంత తరచుగా. మన డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి. మనిషి మొండికేస్తే ఇంట్లోవాళ్లయినా 14446కు ఫోన్ చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, పైసా ఖర్చు లేదు.

ఇక పాత యూనిట్ మిత్రులకో మనవి. ఈసారి బడాఖానా విందులో ఎవరైనా "వద్దు భయ్యా" అంటే కారణం అడగకండి, ఎగతాళి చేయకండి. అతని చేతికి ఒక సోడా ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి.